ఎముక క్యాన్సర్‌కు కాలి ఆపరేషన్ తర్వాత: చెన్నైలో అద్దె గది తీసుకుని కోలుకునేవారికి

మోకాలి దగ్గర ఎముక క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో ఇప్పుడు చాలామందికి కాలు తీసేయకుండానే ఆపరేషన్ చేస్తున్నారు. గడ్డ ఉన్న ఎముకను కోసి తీసి, ఆ చోట మోకాలి కీలుతో సహా లోహపు ఎముక పెడతారు. డాక్టర్లు దాన్ని మెగా ప్రోస్థసిస్ అంటారు. వార్డులో అందరూ 'రాడ్' అనేస్తారు. ఇంటివాళ్లు పొరబడేది ఈ మాట దగ్గరే. బండి మీంచి పడి ఎముక విరిగినవాడికి వేసే రాడ్ వేరు. అక్కడ ఎముక అతుక్కోవాలి, దానికి నెలలు పట్టినా కొంప మునగదు. ఇక్కడ మానాల్సింది లోహం మీద కప్పిన కండ, చర్మం. వాటికున్న గడువు సుమారు రెండు మూడు వారాలు. ఆ తర్వాత, ఆపరేషన్‌కు ముందు ఇచ్చిన కీమో (క్యాన్సర్ కణాలను చంపే మందులు) మళ్లీ మొదలుపెట్టాలి.

పుండు మానకముందే కీమో ఎక్కిస్తే కుట్లు విచ్చుకుంటాయి, చీము పడుతుంది. పుండు కోసం కీమో వాయిదా వేస్తూ పోతే ఒంట్లో ఎక్కడో కంటికి కనపడకుండా మిగిలిన క్యాన్సర్ కణాలకు అదను దొరుకుతుంది. కాబట్టి గదిలో గోడకు క్యాలెండర్ తగిలించి రెండు లెక్కలు రాయండి: ఆపరేషన్ అయి ఎన్నో రోజు, కీమో అయి ఎన్నో రోజు. కింద చెప్పే ప్రతి విషయానికీ ఈ రెండు అంకెలు కావాలి.

డిశ్చార్జ్ చేసేటప్పుడు అడగాల్సినవి

సమ్మరీ కాగితం చేతికిచ్చి 'రెండు వారాలకు రండి' అంటే తలూపి వచ్చేయకండి. కాలి మీద ఎంత బరువు మోపవచ్చు? పూర్తిగానా, సగమా, వేళ్లు నేలకు తాకించడం వరకేనా? మోకాలు వంచవచ్చా, వంచితే ఎంతవరకు? మోకాలికి వేసిన బెల్టు రాత్రి నిద్రలో కూడా ఉంచాలా? చర్మానికి కుట్లుగా వేసిన పిన్నులు ఏ తేదీన తీస్తారు? అర్ధరాత్రి జ్వరం వస్తే ఏ నంబరుకు చేయాలి? వీటికి జవాబులు కాగితం మీదే రాయించుకోండి. తీసిన ఎముక పరీక్ష రిపోర్టు ఎప్పుడు వస్తుందో కూడా అడగండి. అంచుల్లో క్యాన్సర్ మిగిలిందా లేదా, ముందు ఇచ్చిన కీమోకు గడ్డలో ఎంత శాతం చచ్చిపోయింది అన్నవి అందులో ఉంటాయి. ఆస్టియోసార్కోమా అనే రకం ఎముక క్యాన్సర్‌లో 90 శాతం, ఆపైన చచ్చి ఉంటే మందు బాగా పనిచేసిందని లెక్క.

ఇంకోటి, చాలామంది వదిలేసేది: ఇంప్లాంట్ పెట్టెలోంచి వచ్చే చిన్న స్టిక్కర్లు. వాటి మీద కంపెనీ, సైజు, లాట్ నంబరు ఉంటాయి. కేస్ షీట్‌లో అంటించిన పేజీని ఫోటో తీసుకుని, ఒక జిరాక్స్ ఫైల్లో పెట్టుకోండి. ఎనిమిదేళ్ల తర్వాత కీలులోని చిన్న ప్లాస్టిక్ బుష్ అరిగిపోయి మార్చాల్సి వస్తే, సరిపోయే ముక్క తెప్పించడానికి ఆ నంబర్లే ఆధారం.

తొడ ఎముకా, పిక్క ఎముకా?

ఒకే వార్డులో పక్కపక్క మంచాల మీద ఇద్దరు కుర్రాళ్లు. ఒకడికి తొడ ఎముక కింది భాగం మార్చారు, ఇంకొకడికి మోకాలి కింది ఎముక పైభాగం. మొదటివాడు రెండో వారానికే మోకాలు వంచుతుంటాడు. రెండోవాడి అమ్మ దిగులు పడుతుంది, మనవాడి కాలు బిగుసుకుపోతుందేమోనని. అక్కడ ఆగాలి.

మోకాలి చిప్ప నుంచి కిందికి దిగే గట్టి నరంలాంటి పట్టీ ఒకటి మోకాలి కింది ఎముకకు అతికి ఉంటుంది. కాలు చాచడం దానివల్లే. ఆ ఎముకే తీసేశాక పట్టీకి ఆధారం పోతుంది. సర్జన్ పిక్కలోని లోపలివైపు కండను తిప్పి తెచ్చి లోహం మీద కప్పుతారు, ఆ కండకూ లోహానికీ పట్టీని కుడతారు. అది పట్టు సాధించడానికి మామూలుగా ఆరు వారాలు కావాలి. అందుకే ఈ ఆపరేషన్ అయినవాళ్లకు మోకాలు తిన్నగా ఉండేలా పొడవాటి బెల్టు వేస్తారు. తొందరపడి వంచితే పట్టీ సాగిపోతుంది. అప్పుడు వంగడానికి కాలు వంగుతుంది గాని, కుర్చీలో కూర్చున్నవాడు తనంతట తాను కాలు చాచి పైకెత్తలేడు. బిగుసుకున్న మోకాలిని ఫిజియోతో తర్వాతైనా దారికి తేవచ్చు, సాగిన పట్టీని మళ్లీ బిగించడం చాలా కష్టం. పక్క మంచం వాడితో పోలిక పెట్టుకోకండి.

తుంటి దగ్గర ఎముక మార్చినవాళ్లకు జాగ్రత్తలు ఇంకో రకం: కాలు మీద కాలు వేసుకోకూడదు, తుంటిని 90 డిగ్రీలు దాటి వంచకూడదు, పక్కకు తిరిగి పడుకుంటే కాళ్ల మధ్య దిండు ఉండాలి. లేకపోతే కీలు జారుతుంది.

గది

అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ 1954లో మొదలైంది. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వైద్యానికి చెన్నై రావడం మనవాళ్లకు కొత్తేం కాదు. ఆస్పత్రుల చుట్టుపక్కల వీధుల్లో నెలవారీ గదులు దొరుకుతాయి. అడ్వాన్స్ ఇచ్చేముందు అద్దె కంటే ముందు చూడాల్సింది బాత్రూమ్. నేల మీద కూర్చునే దొడ్డి అయితే పనికిరాదు. మెగా ప్రోస్థసిస్ ఉన్న మోకాలితో గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు వేయడం ఇప్పుడే కాదు, ఇకముందు కూడా వద్దనే చెబుతారు. వెస్టర్న్ కమోడ్ లేకపోతే కమోడ్ కుర్చీ అద్దెకైనా తెచ్చుకోండి. గది కింది అంతస్తులో ఉండాలి. వాకర్ అడ్డంగా పట్టేంత వెడల్పు తలుపుకు ఉందో లేదో టేపుతో కొలవండి, ముఖ్యంగా బాత్రూమ్ తలుపు.

తడి టైల్స్ మీద చంక కర్ర జారితే చేసిన ఆపరేషనంతా ప్రమాదంలో పడుతుంది. కర్రల కింద రబ్బరు బూట్లు అరిగి నున్నగా అయితే మార్చేయండి, వాటికయ్యేది కొద్ది డబ్బే. స్నానానికి చేతుల్లేని ప్లాస్టిక్ కుర్చీ వాడొద్దు, ఒక పక్కకు ఒరిగితే కాళ్లు విచ్చుకుంటుంది. నాలుగు కాళ్లకూ రబ్బరున్న గట్టి స్టూలు మేలు. ఏప్రిల్, మే నెలల్లో బెల్టు కింద చెమట పట్టి చర్మం ఒరుస్తుంది. లోపల పలచటి నూలు గుడ్డ వేసి రోజుకు రెండుసార్లు మార్చాలి. అప్పుడైనా మోకాలు వంగకుండా ఒకరు మడమ పట్టుకోవాలి.

కుట్లు ఎలా చూడాలి

రోజూ ఒకే వేళకు, పగటి వెలుతురులో చూడండి. చేతులు సబ్బుతో కడుక్కోండి, కట్టును తాకకుండా చూడండి. తడి మరక కనపడితే దాని అంచు చుట్టూ పెన్నుతో గీసి టైము రాయండి. సాయంత్రానికి మరక గీత దాటిందా లేదా అన్నది 'కొంచెం ఎక్కువైనట్టుంది సార్' కంటే డాక్టరుకు పదిరెట్లు పనికొస్తుంది. ఫోటో తీస్తే రోజూ అంతే దూరం నుంచి, ఫ్లాష్ లేకుండా తీయండి.

మొదటి రెండు మూడు రోజులు పలచటి ఎర్రటి రసి కారి తగ్గుముఖం పట్టడం మామూలే. వారం దాటినా కట్టు తడుస్తూ ఉంటే మాత్రం ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి, రివ్యూ తేదీ దాకా ఆగకూడదు. ఎండిన పుండు మళ్లీ తడవడం, కుట్ల పక్క చర్మం నల్లబడటం, చుట్టూ ఎర్రదనం వేడితో పాకడం, వాసన, తగ్గుతూ వచ్చిన నొప్పి మళ్లీ పెరగడం కూడా అంతే. చీము తొలి రోజుల్లోనే దొరికితే లోపల కడిగి, ప్లాస్టిక్ ముక్కలు మార్చి, లోహాన్ని నిలబెట్టుకునే అవకాశం ఉంటుంది. ఆలస్యమైతే మొత్తం తీసేసి, మందు కలిపిన సిమెంటు దిమ్మ పెట్టి, నెలల తర్వాత మళ్లీ కొత్తది వేయాలి.

ఇక్కడ రెండు పనులు అస్సలు చేయకండి. ఒకటి, మెడికల్ షాపులో యాంటీబయాటిక్ అడిగి మింగించడం. పుండులోంచి నమూనా తీసి పరీక్షకు పంపేసరికి క్రిమి దొరకదు, ఏ మందు వాడాలో డాక్టరుకు అంతుపట్టదు. 'ఇంకో నాలుగు రోజులు యాంటీబయాటిక్ రాయండి, మంచిది' అని పట్టుబట్టడం కూడా వృథాయే: 604 మందితో జరిగి 2022లో వెలువడిన పరిశోధనలో, ఇలాంటి ఆపరేషన్ల తర్వాత ఐదు రోజులు మందు ఇచ్చినవాళ్లకూ ఒక్క రోజే ఇచ్చినవాళ్లకూ చీము పట్టడంలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. రెండోది, వాపు చూసి ఊళ్లో ఆర్‌ఎంపీ చేత సూది గుచ్చించడం, పిండించడం. బయటి క్రిమిని నేరుగా లోహం దగ్గరికి పంపినట్టే అవుతుంది.

చిత్తూరు వైపు వాళ్లకు ఒక మాట. ఎముక అంటే పుత్తూరు కట్టు గుర్తుకురావడం సహజం. అది విరిగిన ఎముకకు కట్టేది. ఈ కాలికి కట్టూ వద్దు, నూనె మర్దనా వద్దు.

పిన్నులు మామూలుగా 12 నుంచి 14 రోజులకు తీస్తారు. ముందు కీమో పడ్డ ఒళ్లు కాబట్టి మూడు వారాలకు జరిగినా కంగారు పడక్కర్లేదు. తీసి చర్మం పూర్తిగా ఆరేదాకా ఆ కాలికి నీళ్లు తగలకూడదు.

జ్వరం, నొప్పి మాత్రలు

గదిలో ధర్మామీటరు ఉండాలి, నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేది లెక్కలోకి రాదు. కీమో ఎక్కించాక సుమారు 7 నుంచి 14 రోజుల మధ్య తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. ఆ రోజుల్లో 100.4 డిగ్రీలు చూపిస్తే, పిల్లాడు నవ్వుతూ కూర్చున్నా సరే, గంటలోపు ఆస్పత్రిలో ఉండాలి. 'ముందు పారాసిటమాల్ వేసి చూద్దాం' అనుకుంటే జ్వరం దిగుతుంది, ఇన్ఫెక్షన్ మాత్రం లోపల పెరుగుతూనే ఉంటుంది. కణాలు లేని ఒంట్లో చీము కూడా సరిగ్గా తయారవదు కాబట్టి పుండు పైకి శుభ్రంగానే కనపడి మోసం చేయగలదు. అత్యవసర విభాగంలో మొదటి వాక్యం ఇలా ఉండాలి: 'కీమో పేషెంట్, ఫలానా తేదీన ఎక్కించారు, కాలిలో ఇంప్లాంట్ ఉంది, జ్వరం ఇంత.' తమిళం రాకపోయినా నాలుగు మాటలు గుర్తుంచుకోండి: జ్వరం అంటే కాయ్చల్, వాపు వీక్కం, చీము సీళ్, ఆయాసం మూచ్చు తిణరల్. అంబులెన్స్ నంబరు మన దగ్గరలాగే 108.

కాలు నొప్పి అంటే షాపువాడు చటుక్కున ఇచ్చేది డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్. ఈ పిల్లలకు అవి ప్రమాదం. కీమోలో ఇచ్చే సిస్‌ప్లాటిన్ కిడ్నీలను ముందే అలిపించి ఉంటుంది. మెథోట్రెక్సేట్ అనే ఇంకో కీమో మందు పెద్ద మోతాదులో ఇస్తున్నవాళ్లలో ఈ మాత్రలు ఆ మందును ఒంట్లోంచి బయటికి పోనివ్వవు, అది విషమై కూర్చుంటుంది. గ్యాస్ కోసం వేసే పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ కూడా మెథోట్రెక్సేట్ రోజుల్లో డాక్టరును అడక్కుండా వేయకూడదు. డిశ్చార్జ్ కాగితంలో రాసిన నొప్పి మాత్రలే, రాసిన వేళకే వేయండి. ఫిజియోకు ముప్పావు గంట ముందు వేస్తే వ్యాయామం సాగుతుంది.

పిక్క వాపు, వేలాడే పాదం

ఆపరేషన్ కాలు కొంచెం వాచి ఉండటం, సాయంత్రానికి పెరిగి తెల్లారేసరికి తగ్గడం మామూలే. రాత్రంతా ఎత్తులో పెట్టినా తగ్గని వాపు, పిక్క బిగుసుకుని నొక్కితే నొప్పి పుట్టడం, ఒక కాలికే ఉన్నట్టుండి వాపు పెరగడం గడ్డకట్టిన రక్తానికి గుర్తులు. అలా ఉన్న పిక్కను పిసక్కూడదు. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే హఠాత్తుగా ఆయాసం, గుండెలో పొడిచినట్టు నొప్పి వస్తాయి. అప్పుడు ఒక్క నిమిషం కూడా ఆగొద్దు. పొట్ట చర్మానికి రాసిచ్చిన రక్తం పలచబరిచే ఇంజక్షన్లు 'బాగానే ఉన్నాడు కదా' అని మధ్యలో మానేయకండి.

రోజూ పొద్దున బొటనవేలు పైకి లేపమనండి. లేవకపోతే, పాదం కిందికి వేలాడుతుంటే, మోకాలి పక్కగా పోయే నరం ఒత్తుకుందని అర్థం. కొన్నిసార్లు బెల్టు పట్టీ మోకాలి బయటివైపు నొక్కినా ఇలా అవుతుంది కాబట్టి ముందు అక్కడ వదులు చేసి, వెంటనే సర్జన్‌కు చెప్పండి. నరం సాగడం వల్లే అయితే తిరిగిరావడానికి నెలలు పట్టొచ్చు. అప్పటిదాకా పాదం వాలిపోకుండా ప్లాస్టిక్ స్ప్లింట్ వాడతారు.

వ్యాయామం

మెలకువగా ఉన్న ప్రతి గంటకు పాదం పైకీ కిందికీ 20 సార్లు. ఇది అన్ని రకాల ఆపరేషన్లకూ మంచిదే. తొడ కండ కోసం: కాలు చాచి, మోకాలి వెనక భాగంతో పరుపును నొక్కాలి. మోకాలి చిప్ప తొడవైపు జరిగినట్టు కనపడితే సరిగ్గా చేసినట్టు. ఐదు లెక్కపెట్టేదాకా పట్టి వదలాలి, పదిసార్లు, రోజుకు నాలుగు విడతలు. మోకాలి కింది ఎముక మార్చినవాళ్లు సర్జన్ ఒప్పుకున్నాకే దీన్ని మొదలుపెట్టాలి, కాలును తిన్నగా చాచి పైకెత్తడం కూడా అంతే. తొడ ఎముకవాళ్లు మడమను పరుపు మీద జరుపుతూ మోకాలు వంచాలి. మడమ కింద పాత ప్లాస్టిక్ కవరు వేస్తే సాఫీగా జారుతుంది. ఆరు వారాలకు 90 డిగ్రీలు వస్తే బాగున్నట్టే.

అమ్మలు ప్రేమకొద్దీ చేసే తప్పు మోకాలి కింద దిండు పెట్టడం. హాయిగా ఉంటుంది నిజమే, కానీ మోకాలు కొంచెం వంగినట్టే బిగుసుకుపోతుంది, తర్వాత కుంటు తప్పదు. దిండు బదులు మడమ కింద చుట్టిన తువ్వాలు పెట్టి, మోకాలిని గాలిలో వదిలేయండి. పది నిమిషాలు, రోజుకు మూడుసార్లు.

చంక కర్రల ఎత్తు సరిచూడటం తేలిక: నిలబడితే కర్ర పైభాగానికీ చంకకూ మధ్య రెండు మూడు వేళ్లు దూరాలి, బరువు అరచేతుల మీద పడాలి. చంకల మీద వేలాడితే చేతులు తిమ్మిరెక్కుతాయి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు కర్రలూ ఆపరేషన్ కాలూ ముందు. ఒంటి కర్రకు మారాక దాన్ని మంచి కాలి వైపు చేత్తో పట్టుకోవాలి. ఆపరేషన్ కాలి వైపు పట్టుకునేవాళ్లే ఎక్కువ, అది తప్పు. ప్లేట్‌లెట్లు 50 వేల లోపు పడిన వారం బరువు మోపే వ్యాయామాలు ఆపి ఫిజియోను అడగండి, పాదం ఆడించడం మాత్రం మానొద్దు.

పత్యం గొడవ

'పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు వేడి, వంకాయ దురద' అని చారన్నం మీద పెడితే పుండు మానదు. మానే చర్మానికి మాంసకృత్తులు కావాలి: కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాములు, అంటే 50 కిలోల కుర్రాడికి 60 నుంచి 75 గ్రాములు. గుడ్డుకు ఆరు గ్రాములు, పెద్ద గ్లాసు పాలకు ఎనిమిది. మిగతాది పప్పు, పెరుగు, చేప, కోడికూర, పెసరట్టుతో నింపాలి. తెల్ల రక్తకణాల కౌంట్ పడిన రోజుల్లో వదలాల్సింది పచ్చివీ బయటివీ: తోపుడుబండి చట్నీ, కోసిపెట్టిన పండ్లు, సగం ఉడికిన గుడ్డు. నోరు పూసి తినలేకపోతే గుడ్డు వేసి మెత్తగా ఉడికించిన అన్నం చల్లార్చి పెట్టండి.

కాలు తీసేయాల్సి వచ్చినవాళ్లకు

గడ్డ పెద్ద నరాన్నో రక్తనాళాన్నో చుట్టేసినప్పుడు కాలు తీయడమే క్షేమం. మొండి భాగం కింద దిండు వద్దు, రోజుకు రెండుసార్లు 20 నిమిషాలు బోర్లా పడుకుంటే తుంటి బిగుసుకోదు. క్రేప్ బ్యాండేజి ఎనిమిది అంకె ఆకారంలో, చివర బిగుతుగా, పైకి పోయేకొద్దీ వదులుగా చుట్టాలి. గుండ్రంగా చుడితే చివర రక్తం నిలిచి ఉబ్బుతుంది. లేని పాదం నొప్పి పెడుతోందంటే పిల్లాడు నటిస్తున్నాడని అనకండి, అది నిజమైన నొప్పే, దానికి వేరే మందులున్నాయి.

ఊరికి ప్రయాణం, ఆ తర్వాత

కీమో విడతల మధ్య నెల్లూరో గూడూరో వెళ్లాలంటే కుర్చీ సీట్ల పగటి బండి కంటే బెర్తులున్న బండి మంచిది, పొడవాటి బెల్టుతో కుర్చీలో కాలు చాచే చోటు ఉండదు. సైడ్ లోయర్ తీసుకోకండి: రెండు సీట్లు కలిపిన అతుకు సరిగ్గా కాలి కిందికొస్తుంది, దారిలో పోయేవాళ్ల సంచులు తగులుతాయి. లోపలి కింది బెర్తులో పాదాలు కిటికీ వైపు ఉంచి పడుకోబెట్టండి. క్యాన్సర్ రోగికీ తోడుకూ రైల్వే రాయితీ ఉంది, ఆస్పత్రి సంతకం, ముద్ర ఉన్న ఫారం కౌంటరులో చూపించాలి.

ఏళ్లు గడిచాక కూర్చుని లేచిన మొదటి అడుగుల్లో తొడలో నొప్పి వచ్చి, నడిచేకొద్దీ తగ్గుతుంటే లోహం ఎముకలో వదులవుతోందేమో ఎక్స్‌రే తీయించాలి. మోకాలు టక్కుమంటూ పక్కలకు ఆడితే బుష్ అరిగిందన్న అనుమానం రావాలి. ఎదిగే పిల్లల్లో రెండు కాళ్ల పొడవు తేడా ప్రతి రివ్యూలో కొలిపించండి, చెప్పు ఎత్తు పెంచితే చాలినంత తేడా అయితే అంతటితో సరిపోతుంది. పుచ్చిన పన్ను, కాలి వేళ్ల మధ్య పుండు, మూత్రంలో మంట, ఏదైనా సరే, రక్తం దారిన క్రిమి లోహానికి చేరగలదు. పళ్ల డాక్టరు కుర్చీలో కూర్చోకముందే కాలిలో లోహం ఉందని చెప్పండి. స్కానింగ్ దగ్గరా అదే మాట.

రివ్యూలు కాలి కోసమే అనుకుని, నడక బాగుంది కదా అని మానేస్తారు. ఈ క్యాన్సర్ తిరిగొస్తే ఎక్కువగా కనపడేది ఊపిరితిత్తుల్లో, అదీ మొదట్లో దగ్గు కూడా లేకుండా. సాధారణంగా మొదటి రెండేళ్లు మూడు నెలలకోసారి, తర్వాత ఐదో ఏడు దాకా నాలుగు నుంచి ఆరు నెలలకోసారి, ఆపైన ఏడాదికోసారి ఛాతీ పరీక్ష, కాలి ఎక్స్‌రే ఉంటాయి. డాక్సోరుబిసిన్ అనే కీమో మందు తీసుకున్నందుకు గుండె ఎకో, సిస్‌ప్లాటిన్ తీసుకున్నందుకు వినికిడి పరీక్ష కూడా ఆ ఫైల్లోనే రాయించుకోండి.